టీచరమ్మను అడగండి: ‘వాడుక చొప్పున’ చేస్తే తప్పా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. ప్రార్థన, బైబిలు, ఆదివారం, ఉపవాసం, ఇవన్నీ ఒక క్రమంలో చేస్తే మంచిదా, లేక అలవాటైపోయి అర్థం పోతుందా అని. అందుకే మిగతావి పక్కన పెట్టి (పెళ్ళిలో తాళి కట్టొచ్చా అని అడిగినవి నాలుగున్నాయి, అవి వచ్చే నెల) వీటికే జవాబు రాస్తున్నా. ఉత్తరాలు కొంచెం కత్తిరించాను, ఏమీ అనుకోవద్దు, ఒకాయన పదకొండు పేజీలు రాశాడు.

టీచరమ్మ గారికి వందనాలు. నేను హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను. చిన్నప్పుడు మా నాన్న చేసిన అలవాటు, రోజూ ఒక అధ్యాయం చదివి పది నిమిషాలు ప్రార్థన చేసుకుని గాని పడుకోను. ఇప్పుడు పొద్దున ఏడింటికి రూముకొచ్చి అదే చేస్తున్నా. నిజం చెప్పాలంటే ఏడాదిగా ఏమీ అనిపించడం లేదు. కళ్ళు అక్షరాల మీద, మనసు నిద్ర మీద. మనసు లేకుండా చేస్తే అది పరిసయ్యుల పని, వేషధారణ, అనిపించినప్పుడే చెయ్యి అంటాడు మా రూమ్మేట్. మానెయ్యమంటారా? (పేరు వద్దు)

మానొద్దు బాబూ. ముందు ఆ వేషధారణ మాట సంగతి చూద్దాం. లేనిది ఉన్నట్టు నలుగురికీ చూపించుకుంటే అది వేషం. నువ్వు రాత్రంతా ఎవరి తిట్లో తిని వచ్చి, తలుపేసుకుని, ఆవలిస్తూ ఒక అధ్యాయం చదువుతుంటే ఎవరికి చూపించుకుంటున్నట్టు? నీ రూమ్మేట్‌కా? అతను వద్దనే అంటున్నాడు కదా. నీది వేషం కాదు, అలసట. రెండూ కలిపేయకు.

లూకా సువార్తలో రెండు చోట్ల చూడు. నాలుగో అధ్యాయం పదహారో వచనంలో, యేసు ‘తన వాడుక చొప్పున’ విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్ళాడని ఉంటుంది. అది నజరేతు, సొంత ఊరు, ఆ మందిరంలో కూర్చున్నవాళ్ళే ఆ రోజే ఆయన్ని కొండ కొమ్ము నుంచి తోసెయ్యాలని చూశారు. ఆ పొద్దున ఆయనకి వెళ్ళాలని అనిపించిందా లేదా అన్నది లూకా రాయలేదు. వాడుక చొప్పున వెళ్ళాడు, అంతే. ఇక ఇరవై రెండో అధ్యాయం ముప్పై తొమ్మిదో వచనంలో మళ్ళీ అదే మాట, ఈసారి ఒలీవల కొండకి. అది చివరి రాత్రి. నా ఇష్టం కాదు, నీ ఇష్టమే కానీ అని ఆయన చెమటోడ్చి చెప్పిన మాట, మనం విధేయత అని పెద్ద పేరు పెట్టి పిలిచే ఆ మాట, కొత్త చోట ఎక్కడో పుట్టలేదు, రోజూ వెళ్ళే తోటలో, అలవాటైన చెట్ల కింద పుట్టింది. ఆ చోటు ఎంత అలవాటంటే ఎక్కడ పట్టుకోవాలో ఆయన్ని పట్టిచ్చిన శిష్యుడు యూదాకి కూడా తెలుసు, యేసు శిష్యులతో తరచుగా అక్కడికి వెళ్ళేవాడు కాబట్టి అని యోహాను రాస్తాడు.

దానియేలు సంగతీ అంతే. రాజు తప్ప ఇంకెవర్నీ వేడుకోకూడదన్న శాసనం ముప్పై రోజులకే. ఒక్క నెల కిటికీ మూసుకుంటే సరిపోయేది, మనలో చాలామందిమి అదే చేసేవాళ్ళం. ఆయన యథాప్రకారం రోజుకి మూడుసార్లు మోకాళ్ళూనాడు. సింహాల బోను ముందు పెట్టుకుని ఆ రోజు కొత్తగా ప్రార్థన నేర్చుకుందామంటే కుదిరే పనేనా?

మా అమ్మమ్మకి చదువు రాదు. ఇరవై మూడో కీర్తన మాత్రం నోటికి వచ్చు. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మూతి విరిగిన చిన్న కుండ ఒకటుండేది, అది దేవుడి కుండ. ఎసట్లో పొయ్యడానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. శనివారం సాయంత్రం గుడ్డలో మూట కట్టి, ఆదివారం గుడిలో బుట్టలో పోసేది. (ఇది మన దగ్గరే కాదు, మిజోరం సంఘాల్లో ఆడవాళ్ళు 1910 నుంచి ఈ పిడికెడు బియ్యం తీస్తున్నారు, ఇప్పటికీ ఆ సంఘాల పనికి అది పెద్ద ఆధారం.) నువ్వన్నట్టే అమ్మమ్మ కూడా ‘మనసు లేకుండానే’ తీసేది, ఒక చేత్తో పిడికెడు వేస్తూ ఇంకో చేత్తో కోడిని అదిలిస్తూ. ఒకరోజు చెయ్యి కుండ మీదకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. నేను పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నా. ‘ఇదుగో, ఇవి రామమ్మ బియ్యం కదే’ అంది. పక్కింటామె దగ్గర తవ్వెడు బియ్యం బదులు తెచ్చి నెల దాటింది, వీధిలో ఆమె కనపడితే మాట మార్చేస్తోంది కూడా. అప్పు బియ్యంలోంచి దేవుడికి పిడికెడు వెయ్యడమేంటని ఆ పిడికెడూ మళ్ళీ డబ్బాలో పోసి, తవ్వెడు కొలిచి, పైట కొంగులో పోసుకుని పక్కింటికి వెళ్ళొచ్చింది. ఆ పూట మాకు గంజే. పాతికేళ్ళ పాటు ఏమీ అనిపించకుండా వేసిన పిడికెళ్ళే ఆ రోజు ఆమె చేతిని ఆపాయని నేననుకుంటాను.

అందుకని, ఏమనిపిస్తోంది అని కొలుచుకోకు. ఈ ఏడాదిలో చదివినదాని వల్ల ఒక్క పనైనా చేశావా, ఒక్కటైనా మానుకున్నావా, అది చూసుకో. ఒకటున్నా చాలు. ఇక టైం అంటావా, పొద్దున ఏడు నీకు రాత్రితో సమానం, ఆ వేళ లేవీయకాండం పెట్టుకుంటే ఎవరికైనా నిద్రే వస్తుంది. చదవడం సాయంత్రం లేచాక, టీ తాగి చెయ్యి. పడుకునే ముందు 134వ కీర్తన చాలు, మూడే వచనాలు, రాత్రివేళ యెహోవా మందిరంలో నిలబడి పని చేసేవాళ్ళ కోసం రాసింది. నీలాంటి నైట్ డ్యూటీ వాళ్ళదన్నమాట.

టీచరమ్మ గారికి, మాది పల్నాడు వైపు ఒక సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడి. మా ఆయన కమిటీలో ఉన్నారు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ప్రార్థన చేస్తారు, దశమభాగం పైసాతో సహా ఇస్తారు. అయితే మా బావగారు లారీ మీద వెళ్ళే రోజుల్లో దాచిపెట్టమని మూడు లక్షలు ఈయన చేతికిచ్చారు. ఈయన దాంతో బోరు వేయించారు. అడిగితే నాన్న పొలంలో లెక్క సరిపోయిందంటారు. ఆరేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు. ఒకే గుడిలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఇద్దరూ బల్ల (ప్రభురాత్రి భోజనం) తీసుకుంటారు. తెల్లారి ఈయన ప్రార్థన వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆ ప్రార్థనలకి అర్థముందా? పక్కన కూర్చోవడం మానెయ్యొచ్చా? (పేరు, ఊరు వెయ్యొద్దు)

అమ్మా, నీ కోపం న్యాయమైనదే. బలులకంటే మాట వినడమే మేలని సమూయేలు ప్రవక్త సౌలు రాజు మొహం మీదే అన్నాడు, మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసెయ్యండని ఆమోసు చేత దేవుడు చెప్పించాడు. ఇవి మీ ఆయనకి తెలియనివి కావు, వాటి మీద ఆయన వాక్యం కూడా చెప్పి ఉంటారు.

నేను మాత్రం మత్తయి ఐదో అధ్యాయం, ఇరవై మూడు, ఇరవై నాలుగు వచనాల దగ్గర ఆగుతాను. అర్పణ తెచ్చావు, బలిపీఠం దగ్గర నిలబడ్డావు, నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని ‘అక్కడ’ జ్ఞాపకం వచ్చింది. రెండు సంగతులు చూడు. ఒకటి, నీకు అతని మీద ఉన్న కోపం గురించి కాదు, అతనికి నీ మీద ఉన్న ఫిర్యాదు గురించి. మనం ఎప్పుడూ తిరగేసి చదువుతాం, ‘నాకెవరి మీదా ఏమీ లేదమ్మా’ అని చేతులు దులుపుకుంటాం. మీ ఆయనకీ అన్న మీద ఏమీ ఉండకపోవచ్చు, మూడు లక్షలు తన దగ్గరే ఉన్నాయి కదా! రెండోది, జ్ఞాపకం వచ్చింది బలిపీఠం దగ్గర. ఇంట్లో కాదు, పొలంలో కాదు. అక్కడికి రావడమే మానేసినవాడికి ఆ జ్ఞాపకం వచ్చే చోటు కూడా పోతుంది. అందుకే ఆయన్ని ప్రార్థన మానమని నేను చెప్పను. అర్పణ ఇంటికి పట్టుకుపొమ్మని యేసు అనలేదు, అక్కడే పెట్టి వెళ్ళు, సమాధానపడి తిరిగి రా, అప్పుడు అర్పించు అన్నాడు. మీ ఆయన ఆరేళ్ళుగా ఆ మధ్య మాట దాటేస్తున్నారు.

మీది సీఎస్ఐ అన్నావు కాబట్టి ఇంకొకటి చెప్తా. 1947లో దక్షిణాదిలోని వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాక, 1950లో ప్రభురాత్రి భోజనానికి ఆరాధన క్రమం ఒకటి తయారు చేశారు. అందులో అర్పణకి ముందు ‘సమాధానం’, అంటే శాంతి, చేతి నుంచి చేతికి ఇచ్చే పద్ధతి పెట్టారు, కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నుంచి తీసుకుని. తర్వాత ప్రపంచంలో చాలా సంఘాలు తమ ఆరాధన క్రమాల్లోకి సమాధానాన్ని మళ్ళీ తెచ్చుకున్నాయంటే అందులో మన దక్షిణాది వాళ్ళ పాత్ర ఉంది. ఇచ్చేవాళ్ళు కుడి అరచెయ్యి ఎదుటివాళ్ళ కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమ చేత్తో ఎదుటివాళ్ళ కుడి చేతిని మూస్తారు. పాస్టరు దగ్గర మొదలై వరసలో ఒక్కొక్కరి చేతిలోంచి వస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల దూరం నుంచి ఒక నమస్కారంతో సరిపెట్టేస్తున్నారు, కోవిడ్ తర్వాత మరీను. నాకది నచ్చదు. చెయ్యి పట్టుకోవాల్సి వచ్చినప్పుడే కదా ఇబ్బంది మొదలయ్యేది. మా గుడిలో ఒకసారి అలా వస్తూ వస్తూ ఇద్దరి మధ్య ఆగిపోయింది, ఒకాయన చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక వరసలోంచి ఒక చంటిది, ‘తాతా, నీకు రాలేదా?’ అని గట్టిగా అడిగింది. ఆయన తర్వాత మూడు వారాలు గుడికి రాలేదు. నాలుగో వారం వచ్చాడు, ఆ రెండోవాడి పక్కనే కూర్చున్నాడు. మధ్యలో ఏం జరిగిందో మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నువ్వు చెయ్యాల్సింది. పక్కన కూర్చోవడం మానకు, కానీ ఆయన వింటున్నారు కదా అని ‘ప్రభువా, అన్న సొమ్ము తిన్నవాళ్ళ మనసు మార్చు’ అని గట్టిగా ప్రార్థించకు. అది ప్రార్థన కాదు, మైకు. చెప్పాలనుకున్నది మామూలు వేళలో, కళ్ళు తెరుచుకుని, ఒక్కసారి సూటిగా చెప్పు. పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు ముందు నిలబడి ఏమన్నాడు? అంకెలు చెప్పాడు, ఆస్తిలో సగం బీదలకి, మోసం చేసినదానికి నాలుగింతలు. మీ ఆయన్నీ కాగితం మీద అంకె వెయ్యమను, ఎంత, ఎప్పటికి, ఎన్ని వాయిదాల్లో. పొలం లెక్క నిజంగా ఉంటే అది కూడా ఆ కాగితం మీదకే రానీ. వచ్చే బల్ల ఆదివారానికి ముందు మీ పాస్టరు గారిని, ఇద్దరూ గౌరవించే పెద్దమనిషి ఒకాయన్ని కూర్చోబెట్టండి. మొదటి వాయిదా పదివేలే కానీ, చేతికి అందాలి.

అక్కా, నేను అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి కువైట్‌లో ఇంటిపని చేస్తున్నా. ఇక్కడ ఆరాధన శుక్రవారం. మా మేడం నెలకి ఒకసారి పంపితే గొప్ప. ఆదివారం మామూలు పని రోజు. మా ఊళ్ళో వాళ్ళు ఫోన్‌లో, ఆదివారం ఆచరించకపోతే దేవుడి మాట మీరినట్టే అంటున్నారు. బాధగా ఉంది. (ఒక సహోదరి, కువైట్)

తల్లీ, ఆ మాట అన్నవాళ్ళకి ఆదివారం సెలవు ఎవరిచ్చారో తెలుసేమో అడుగు. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆజ్ఞ వేశాక వచ్చిన సెలవు అది. అంతకు ముందు దాదాపు మూడు వందల ఏళ్ళు క్రైస్తవులకి ఆదివారం నీకు లాగే పని రోజు. అందులో దాసులు, దాసీలు ఎంతోమంది, యజమాని లేచేలోగా పొయ్యి రాజెయ్యాల్సినవాళ్ళు. మరి ఎప్పుడు కూడుకునేవాళ్ళు? తెల్లవారకముందు.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలో బితూనియ అని ఉంటుంది చూడు, ఇప్పటి టర్కీలో ఉత్తర భాగం. 112 ప్రాంతంలో అక్కడ ప్లినీ అనే రోమా అధికారి ఉండేవాడు. క్రైస్తవుల్ని పట్టుకుని విచారించి, ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వీళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారట, క్రీస్తుని దేవుడిగా ఎంచి వంతులవారీగా పాట పాడతారట, ఆపైన ఒక ప్రమాణం చేస్తారట. నేరం చెయ్యడానికి కాదు, దొంగతనం చెయ్యబోమని, దోచుకోబోమని, వ్యభిచరించబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, నమ్మి దాచిపెట్టమని ఇచ్చిన సొమ్ము అడిగితే లేదనబోమని. (పై ఉత్తరం రాసిన అమ్మా, ఈ వాక్యం మీ ఆయనకి చదివి వినిపించు.) నిజం రాబట్టడానికి ఆయన హింసించినవాళ్ళలో ఇద్దరు దాసీలున్నారు, సంఘంలో వాళ్ళని పరిచారకులు అనేవారని ఆయనే రాశాడు. పేర్లు రాయలేదు. ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళు, సంఘంలో పెద్ద బాధ్యత ఉన్నవాళ్ళు. నీ మేడం పిలుపుకి లేచి పరిగెత్తే నువ్వు వాళ్ళ వరసలో మనిషివి.

కాబట్టి శుక్రవారం వెళ్ళగలిగితే శుక్రవారం వెళ్ళు, సంఘం అంతా ఆ రోజే కూడుకుంటోంది కదా, కూడుకోవడం మానొద్దనే హెబ్రీ పత్రిక చెప్పింది. వెళ్ళలేని వారాల్లో ఏదో ఒక వేళ నీదిగా పెట్టుకో, అందరూ లేవకముందు పావుగంట, ఒక పాట పెదాల మీదే పాడుకో. ఇంకో సంగతి, కువైట్‌లో 2015 చట్టం ప్రకారం ఇంటిపని వాళ్ళకి వారానికి ఒక రోజు సెలవు ఉంది. నీ కాంట్రాక్టు కాగితంలో ఏముందో చదివించుకో. మెత్తగా అడుగు, కుదరకపోతే మన ఎంబసీ వాళ్ళని అడిగి తెలుసుకో. సెలవు అడగడం అవిధేయత కాదు.

శ్రమల దినాల్లో (ఈస్టర్‌కి ముందు) నలభై రోజులు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాను. షుగరుకి ఇన్సులిన్ వాడుతున్నాను. మాట తప్పితే పాపమా? (విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు)

డాక్టరుని అడగకుండా ఒక్క పూట కూడా మానకండి సార్. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారి పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఇది విశ్వాసానికి పరీక్ష కాదు. యెషయా యాభై ఎనిమిది తీసి చూడండి, దేవుడు ఏర్పరచుకున్న ఉపవాసమంటే కాడిమాను మోకులు తీయడం, ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడం. మీ మొక్కుని అటు తిప్పుకోండి. మీ వీధిలో పనికొచ్చే ఆమెకో, వాచ్‌మన్‌కో నలభై రోజులు ఒక పూట భోజనం పెట్టి, మీరు మాత్రం టైముకి తినండి, మందు మానకండి. నలభై రోజులు అంటే నలభై రోజులూ, మధ్యలో మానడం లేదు. మామూలు ఉపవాసం కంటే కష్టమే.

రాత్రి కుటుంబ ప్రార్థనకి పిల్లలు (పదకొండు, పదిహేనేళ్ళు) కూర్చోవడం లేదు. కూర్చున్నా కింద ఫోన్. తిట్టి కూర్చోబెట్టడం విధేయత నేర్పినట్టవుతుందా? (ఒక తల్లి, కాకినాడ)

ఎంతసేపు చేస్తున్నారో రాయలేదు. నాకు అనుమానమే. మా నాన్న కుటుంబ ప్రార్థన మొదలుపెడితే మా ఇంటి నుంచి బయలుదేరి మండలం, జిల్లా, ఢిల్లీ, ఇశ్రాయేలు దేశం మీదుగా తిరిగి మా ఇంటికి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. మా తమ్ముడు ఇశ్రాయేలు దగ్గర నిద్రపోయేవాడు, ఆమెన్‌కి లేచేవాడు.

పది నిమిషాలు చాలు. ఒక పాట, పది వచనాలు, ఒక ప్రార్థన. చదవడం పిల్లలకి వంతులు వెయ్యండి, పదిహేనేళ్ళ వాడికి బోధ చెయ్యకండి, ఒక పని ఇవ్వండి. ఫోన్లన్నీ ఒక గిన్నెలో వెయ్యాలి, ముందు నాన్నగారి ఫోను. టైం మాత్రం మార్చొద్దు, తొమ్మిదంటే తొమ్మిదే, అతిథులున్నా, క్రికెట్ ఉన్నా. ప్రార్థనలో పిల్లల తప్పులు దేవుడికి చాడీలు చెప్పొద్దు, ‘వీడికి లెక్కల్లో బుద్ధి దయచెయ్యి’ అంటే వాడు రేపటి నుంచి కూర్చోడు, నేనైనా కూర్చోను. దానికి బదులు ఆ రోజు మీరు చేసిన తప్పు ఏదైనా ఉంటే అది పిల్లల ముందు ఒప్పుకోండి. పొద్దున ఆ ప్లేటు పగిలినందుకు పాపని అనవసరంగా కొట్టాను, క్షమించు ప్రభువా అని ఒక అమ్మ అంటే, ఫోన్‌లోంచి తల ఎత్తని పిల్ల ఉండదు.

వచ్చే నెల తాళి గురించి. ఉత్తరాలు ఒక పేజీ దాటకుండా రాయండి, పేరు వద్దంటే ఉత్తరం పైనే రాయండి, చివర రాస్తే నేను చూసేసరికి ప్రెస్‌కి వెళ్ళిపోతోంది.